వేసవి సెలవుల్లో మన నేలను మనమే చదువుదాం

 

వార్షికోత్సవ సంచిక అనగానే మనం ఎప్పుడూ హాస్టల్ తెరిచి ఉన్న రోజుల గురించే రాస్తాం. ట్రంకు పెట్టెతో వచ్చిన మొదటి రోజు, స్టడీ అవర్లు, మెస్ భోజనం, పరీక్షల ఫలితాలు, ఇవే మన వ్యాసాలు. హాస్టల్‌కు తాళం పడిన రోజుల గురించి ఎవరమూ రాయం. ఏప్రిల్ నాలుగో వారం నుంచి జూన్ 12 వరకు దాదాపు ఏడు వారాలు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల పేద విద్యార్థి జీవితంలో ఆ ఏడు వారాలే చాలాసార్లు చదువు సాగుతుందా ఆగుతుందా అన్నది తేలుస్తాయి. అందుకే ఈసారి మేము ఆ సెలవుల గురించి రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెబుతాం. భూమిని, అడవిని, చెరువును కాపాడే స్వచ్ఛంద సంస్థలు వేసవిలో 'పర్యావరణ విద్య ఇంటర్న్‌షిప్' పేరుతో విద్యార్థులను తీసుకుంటున్నాయి. ఆ అవకాశం మన హాస్టళ్లలోని ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు రావాలి. ఊరికే రాకూడదు, కూలికి తగ్గని స్టైపెండ్‌తో రావాలి. అది దూరాన ఉన్న ఏ కొండలోనో కాకుండా మన ఊరి నేల మీదే జరగాలి.

అసలు ఈ ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటి? ఇది మొదట అమెరికా వంటి దేశాల్లో బాగా వ్యాపించింది. అక్కడ భూమిని కొని, లేదా దానంగా పొంది, దానిమీద కట్టడాలు రాకుండా కాపాడే ట్రస్టులు చాలా ఉన్నాయి. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1891లో చార్లెస్ ఎలియట్ అనే ఉద్యానవనాల రూపశిల్పి చొరవతో ఏర్పడిన ట్రస్టు ఇలాంటి వాటిలో మొట్టమొదటిదిగా పేరు పొందింది. బడులకు సెలవులు ఇవ్వగానే ఇలాంటి సంస్థలు కాలేజీ విద్యార్థులను కొన్ని వారాలపాటు పనిలో పెట్టుకుంటాయి. వాళ్లు చిన్న పిల్లలను పొలాల్లో, వాగుల వెంట తిప్పి చెట్లను, పురుగులను, పక్షులను చూపిస్తారు. నోటు పుస్తకాల్లో లెక్కలు రాయిస్తారు. ఆ పనిలో తామూ నేర్చుకుంటారు.

మనకూ భూదానం తెలుసు. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో దళితులు వినోబా భావేను భూమి అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. తేడా గమనించండి. అక్కడ చెట్టు కోసం భూమి అడిగారు, ఇక్కడ మనిషి కోసం అడిగారు. మన దగ్గర భూసంరక్షణ అనే మాట ఎత్తితే 'ఎవరి భూమి?' అన్న ప్రశ్న కూడా వెంట వస్తుంది. ఆ ప్రశ్నను పక్కన పెట్టి చెప్పే పర్యావరణ విద్య మనకు సగం చదువే.

పుస్తకాల్లో పర్యావరణానికి కొదవ లేదు. 1991 నవంబర్ 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని బడుల్లో, కాలేజీల్లో తప్పనిసరిగా చెప్పాలని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత డిగ్రీలో దానికొక పేపరు వచ్చింది. మనలో చాలామందికి అది గైడ్ కొని పరీక్షకు ముందు రాత్రి చదివి పాసయ్యే సబ్జెక్టు. ఓజోన్ పొర గురించి నాలుగు మార్కులకు రాస్తాం. మన ఊరి చెరువు శిఖం ఎన్ని ఎకరాలో, అందులో ఎంత మిగిలిందో అడిగితే నోరు మెదపం.

ఇక ఆ ఇంటర్న్‌షిప్ ఎవరికి దొరుకుతోంది? మన సీనియర్లు కొందరు ఒక సంస్థకు దరఖాస్తు పెట్టడానికి వెళ్లారు. ప్రయాణ ఖర్చులు మీవే, బస మీదే, లాప్‌టాప్ ఉండాలి, ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి, చివర సర్టిఫికెట్ ఇస్తాం అన్నారు. సర్టిఫికెట్ మంచిదే. కానీ మే నెలలో ఇంటికి బియ్యం తెచ్చేది సర్టిఫికెట్ కాదు. నగరంలో తల్లిదండ్రులకు ఉద్యోగాలున్న విద్యార్థి రెండు నెలలు జీతం లేకుండా పని చేయగలడు. అతనికి అది అనుభవం. మన విద్యార్థికి అది రెండు నెలల కూలి పోవడం.

మన వేసవి ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాదులో మట్టి పనికి, కాంక్రీటు పనికి వెళ్లిన అమ్మానాన్నల దగ్గరికి పోవడం, గుంపు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి వాళ్లతోపాటు తట్ట మోయడం, పత్తి కట్టె పీకడం, పెళ్లిళ్లలో వడ్డనకు పోవడం. 'పాలమూరు లేబర్' అన్న పేరు దేశమంతా తెలుసు. ఆ లేబర్‌లో సెలవులకు ఇంటికొచ్చిన విద్యార్థులూ ఉన్నారని మాత్రం ఎక్కడా లెక్కకు రాదు. జూన్ 12 దాటినా కొందరు హాస్టల్‌కు తిరిగి రారు. వాళ్ల మంచం కొన్నాళ్లు ఖాళీగా ఉంటుంది, తర్వాత ఇంకొకరికి ఇస్తారు.

కాబట్టి స్టైపెండ్ దయ కాదు, దారి. 2024 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ పథకం ప్రారంభించినప్పుడు నెలకు 5,000 రూపాయలు ప్రకటించింది. అంటే ఇంటర్న్‌కు డబ్బు ఇవ్వాలన్న సూత్రం ఒప్పుకున్నట్టే. కంపెనీ లెక్కలు నేర్చుకునే వాడికి వర్తించే సూత్రం, చెరువు లెక్కలు నేర్చుకునే వాడికి ఎందుకు వర్తించకూడదు?

ఇక్కడ మన ఇళ్లలోంచే ఒక అభ్యంతరం వస్తుంది. "మట్టి పని వద్దనే కదరా నిన్ను హాస్టల్ల ఏసింది? చదువుకొని మళ్ల మట్టికే వస్తవా?" అని అమ్మ అడుగుతుంది. ఈ మాటను మేము తేలిగ్గా తీసుకోం. దాని వెనుక తరాల వెట్టి ఉంది. గ్రామాన్ని స్వర్గమని పొగడవద్దని బాబాసాహెబ్ అంబేద్కర్ 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలోనే గట్టిగా చెప్పారు. పల్లె అందాల మీద పాటలు పాడే పర్యావరణ శిబిరం మనకు అక్కర్లేదు.

కానీ మట్టిని మోయడం వేరు, మట్టిని చదవడం వేరు. ఒక ఉదాహరణ చూడండి. గద్వాల ప్రాంతం పత్తి విత్తనాల ఉత్పత్తికి పేరు పొందింది. అక్కడ క్రాసింగ్ పని చేసిన పిల్లలు మన హాస్టళ్లలో ఎందరో ఉన్నారు. సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున్నే వేరే మొక్క పువ్వు తెచ్చి దానికి రుద్దడం, ఆ పని వేళ్లకు వచ్చు. తర్వాత సైన్స్ పుస్తకంలో 'పరపరాగ సంపర్కం' పాఠం వస్తే అదేదో కొత్త విషయం అనుకుని బట్టీ పడతారు. చేత్తో వేల పూలకు చేసిన పనే పాఠమని ఎవరూ చెప్పలేదు. పని చేయించుకున్న వాళ్లు ఆ జ్ఞానానికి పేరు పెట్టలేదు, పాఠం చెప్పిన వాళ్లు ఆ పిల్లల చేతులు చూడలేదు. ఈ రెంటినీ కలిపేదే అసలైన పర్యావరణ విద్య. అంతమాత్రాన పిల్లలను పొలంలో పనికి పంపమని మేము అనడం లేదు. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. ఇంటర్న్‌షిప్ కాలేజీ విద్యార్థులకే. బడి పిల్లలు అందులో నేర్చుకోవడానికి రావాలి, కూలికి కాదు.

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. "సెంటు భూమి లేనోళ్లకు భూసంరక్షణ ఎందుకు?" అని. దీనికి జవాబు మన రాష్ట్రంలోనే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి దళిత మహిళలు సంఘాలు కట్టుకున్నారు. ప్రభుత్వం పేదలకు పంచిన భూములంటే మనకు తెలియనివి కావు. రాళ్లు, గుట్టలు, ఎవరికీ పనికిరానివి. అలాంటి నేలలను ఆ మహిళలు కట్టలు వేసి, ఎరువు తోలి, సాగులోకి తెచ్చారు. జొన్న, కొర్ర, సామ, కంది వంటి పంటలను ఒకే చేనులో కలిపి వేశారు. విత్తనాలను తామే దాచుకున్నారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను అలంకరించి ఊరూరా తిప్పుతూ పాత పంటల జాతర జరిపారు. మాచునూరులో పిల్లలకు 'పచ్చసాలె' అనే బడి పెట్టారు. అందులో పుస్తక పాఠాలతోపాటు వ్యవసాయం, వడ్రంగం, కుట్టుపని వంటివీ నేర్పారు. 2008 అక్టోబర్ 15న అదే ఊరి నుంచి సంఘం రేడియో మొదలైంది. 2019లో ఆ మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

బడి మెట్లెక్కని ఆ అమ్మలు దేశ విదేశాల వాళ్లకు పాఠాలు చెప్పారు. మన అమ్మలకూ ఆ విద్య వచ్చు. ఏ నేలలో ఏ పంట తట్టుకుంటుందో, ఏ గింజకు పురుగు పట్టదో వాళ్లకు తెలుసు. అది వినడానికి, రాయడానికి చదువుకున్న బిడ్డలు కావాలి. మనం కాకపోతే ఎవరు?

ఒకటి గుర్తుంచుకోవాలి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం పేదలకు పంచిన భూమిని అమ్మడం, కొనడం చెల్లదు. అలాంటి భూమి చేతులు మారితే తిరిగి ఇప్పించే వీలు ఆ చట్టంలో ఉంది. మన ఊళ్లో ఆ భూముల వివరాలు పహాణీలో చదవడం వచ్చిన విద్యార్థి, పదిమందికి ఉపయోగపడతాడు. నక్షా చదవడం, సర్వే నంబరు గుర్తుపట్టడం కూడా పర్యావరణ విద్యలో భాగమే.

కాగితం ఎంత ముఖ్యమో కల్పవల్లి చెబుతుంది. పూర్వపు అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ 32 ఎకరాల బీడుతో మొదలైంది. తర్వాత చుట్టుపక్కల గ్రామాలవారు వేల ఎకరాల బంజరును నిప్పు నుంచి, నరుకుడు నుంచి కాపాడారు. గడ్డి వచ్చింది, ఈత చెట్లు వచ్చాయి, వాగుల్లో నీరు నిలిచింది. దానికే కల్పవల్లి అని పేరు. కానీ రికార్డులో అది బంజరుగానే ఉండిపోయింది. దానితో గాలిమరలు పెట్టడానికి అనుమతులు వచ్చాయి. వాటికోసం గుట్టల మీద రోడ్లు వేశారు. గ్రామస్థులు హరిత ట్రిబ్యునల్ దాకా పోవలసి వచ్చింది. మొక్క నాటడంతో పని అయిపోదని దీన్నిబట్టి తెలుసుకోవాలి. ఆ నేల రికార్డులో ఏమని ఉందో కూడా చూడాలి.

చెరువు ఎవరిది అన్న ప్రశ్న మనకు కొత్త కాదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి చౌదార్ చెరువు నీళ్లు తాగారు. ఊరుమ్మడి వనరు అందరిదీ అని చాటిన పోరాటం అది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెరువులు, పశువుల మేతభూముల వంటి ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. అందులో ఒక మినహాయింపు కూడా ఉంది. భూమిలేని కూలీలకు, దళిత గిరిజనులకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన చోట క్రమబద్ధీకరణకు వీలుంచింది. అంటే చెరువును కాపాడటం పేరుతో పేదవాడి గుడిసె పీకమని ఆ తీర్పు చెప్పలేదు. ఈ తేడా తెలిసిన వాళ్లు గ్రామసభలో ఉండాలి.

అయితే మన మూడు జిల్లాల్లో ఇంటర్న్‌లు చేయగల పని ఏమిటి? మేము ఆలోచించినంత వరకు చెబుతాం.

గద్వాలలో, అంటే కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డలో, నేల గురించి చదవాలి. 2009 అక్టోబర్ వరదల్లో రాజోలి, అలంపూర్ ప్రాంతాలు ఎంత నష్టపోయాయో మన పెద్దలు కళ్లారా చూశారు. నీళ్లు ఎంతవరకు వచ్చాయి, పొలాల్లో ఎంత మట్టి కోసుకుపోయింది, ఎక్కడ ఇసుక మేట వేసింది, తర్వాత ఏ పంట వేశారు అన్నది ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసినా అది ఊరికి ఆస్తి. పత్తి చేలలో ఏయే మందులు కొడుతున్నారు, ఖాళీ డబ్బాలు ఎక్కడ పారేస్తున్నారు అన్న లెక్క తీయవచ్చు.

వనపర్తి సంస్థాన కాలం నాటి పెద్ద చెరువులకు పేరు. వాటిని సప్త సముద్రాలని పిలుస్తారు. శ్రీరంగాపూర్ రంగసముద్రం మనలో చాలామంది చూసిందే. ఇక్కడ చెరువు గురించి చదవాలి. అలుగు ఎక్కడ, తూములు ఎన్ని, కాలువ ఎక్కడ పూడింది, శిఖం ఎంత, చేపల మీద ఎవరి హక్కు, బట్టలు ఉతికే రేవు ఎవరిది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తీసిన పూడిక మట్టి ఏ పొలాలకు పోయిందో, ఎస్సీ కాలనీ రైతుల చేలకు అందిందో లేదో అడగాలి. 2006 నుంచి ఉపాధి హామీ పనుల్లో మన అమ్మానాన్నలు తవ్విన కందకాలు, ఇంకుడు గుంతలు ఎన్ని నిలిచాయో చూడాలి. వాళ్లు గడ్డపారతో చేసిన పనిని మనం కొలిచి రాద్దాం. ఆ కష్టానికి అంతకంటే గౌరవం లేదు.

నాగర్‌కర్నూల్‌లో నల్లమల ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించింది. వేసవిలో అడవికి పెద్ద భయం మంటలు. నిప్పు పాకకుండా ఆకులు ఊడ్చి దారులు చేయడం, జంతువులకు నీటి తొట్లు నింపడం ఆ రోజుల్లో ముఖ్యమైన పనులు. మన్ననూరు, ఫర్హాబాద్ వైపు పోయే యాత్రికులు పారేసే ప్లాస్టిక్ ఇంకో సమస్య. అయితే అక్కడ ఇంటర్న్‌కు మొదటి గురువు చెంచు పెద్దమనిషి. తేనె ఎంత తీయాలి, ఎంత వదలాలి, గడ్డను పూర్తిగా తవ్వకుండా తీగను ఎలా బతకనివ్వాలి అన్నది వాళ్లకు ఏ సంస్థా నేర్పలేదు. పులిని కాపాడాలంటే చెంచును బయటికి పంపాలి అనే చదువు మనకు వద్దు. 2019లో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా నల్లమల జనం లేచారు. వాళ్ల వెంట రాష్ట్రమంతా నిలిచింది. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అడవికి మొదటి కాపలా అక్కడి మనుషులేనని అప్పుడు అందరికీ తెలిసింది.

ఈ మూడు పనులనూ కలిపే పుస్తకం ఒకటి చట్టంలోనే ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఊరి చెట్లు, గింజలు, పశువులు, మందు మొక్కలు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రాసిన ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. మీ ఊరి పంచాయతీ ఆఫీసుకు పోయి ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. ఉంటే అందులో మీ వాడకట్టు ముసలమ్మ చెప్పిన సంగతి ఒక్కటైనా ఉందేమో చూడండి. లేకపోతే ఈ వేసవి పని దొరికినట్టే.

సంస్థలవారిని మేము కోరేది నాలుగు మాటలు. ఒకటి, ఆ ప్రాంత వ్యవసాయ కూలికి తగ్గకుండా స్టైపెండ్ ఇవ్వండి, అదీ వారం వారం ఇవ్వండి. రెండు, రిపోర్టు తెలుగులో రాయనివ్వండి. మూడు, అమ్మాయిలకు భద్రమైన బస, ఊళ్లోకి వెళ్లేటప్పుడు తోడు ఏర్పాటు చేయండి. నాలుగు, రాసింది తీసుకుపోయి మీ బీరువాలో పెట్టకండి. ముందు ఆ ఊరి గ్రామసభలో చదివించండి. మమ్మల్ని లబ్ధిదారుల ఫొటోలో నిలబెట్టడం తేలిక. ఊరి పిల్లలకు చెరువు గట్టు మీద పాఠం చెప్పే టీచరుగా నిలబెట్టండి, అప్పుడు మా తమ్ముళ్లు, చెల్లెళ్లు మమ్మల్ని చూసి నేర్చుకుంటారు.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీరు ఏటా వార్షికోత్సవానికి వచ్చి ఫ్యాన్లు, నోటు పుస్తకాలు, ఆట వస్తువులు ఇస్తున్నారు. సంతోషం. ఈసారి పదిమంది కలిసి ఒక్క విద్యార్థి ఏడు వారాల స్టైపెండ్ భరించండి. మీలో టీచర్లు, గ్రామ కార్యదర్శులు, ఫారెస్టు బీట్ ఆఫీసర్లు, సర్వేయర్లు ఉన్నారు. మీ సెలవు రోజు ఒకటి ఇచ్చి నక్షా చదవడం నేర్పండి, చెట్లను గుర్తుపట్టడం నేర్పండి. అది ఏ ఫ్యాను కంటే తక్కువ కానుక కాదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సంస్థ వచ్చేదాకా ఎదురుచూడకండి. ఈ ఏప్రిల్‌లో ఇంటికి పోయేటప్పుడు ట్రంకులో ఒక 200 పేజీల నోటు పుస్తకం పెట్టుకోండి. పనికి పోక తప్పకపోతే పొండి, సిగ్గుపడకండి. సాయంత్రం ఒక్క గంట మాత్రం ఊరి కోసం రాయండి. మీ వాడకట్టులో బావులు ఎన్ని, నీళ్లున్నవి ఎన్ని, మీ అవ్వ చిన్నప్పుడు తిన్న గింజల పేర్లు ఏమిటి, మీ తాతకు పంచిన భూమి ఇప్పుడు ఎవరి సాగులో ఉంది. జూన్ 12న ఆ పుస్తకాలన్నీ మన రీడింగ్ రూములో ఒకే బెంచీ మీద పెడదాం. మూడు జిల్లాల ఊళ్ల లెక్క మన దగ్గర ఉంటే, వచ్చే ఏడు ఏ సంస్థ తలుపు తట్టినా ఖాళీ చేతులతో పోం.